లైను ఖాళీ లేదు

నేను ఒక మోడెంను, కంప్యూటర్ని ఫోను లైను మీద ఇంటర్నెట్‌కి కలిపే పెట్టెను. అరవడమే నా వృత్తి. టెలిఫోను తీగ పట్టుకుని, అవతలి యంత్రాన్ని ఎంత వేగంగా మాట్లాడగలవని మర్యాదగానే అడిగేదాన్ని. మనుషుల చెవికి మాత్రం అది కీచుమని, గరగరమని వినిపించేది. ఇప్పుడు చీరాలలో ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టు అటక మీద నోరు మూసుకుని పడి ఉన్నాను. కింద కూర్చున్నవాళ్ళు రాబోయే కాలం గురించి తెగ చెప్పుకుంటారు. ఫ్రిజ్జే పాలవాడికి కబురు పెడుతుందట, ఇంటర్నెట్టే మనిషిలా కష్టసుఖాలు మాట్లాడుతుందట. అదేదో కొత్త అన్నట్టు! యంత్రంతో మనసు విప్పి మాట్లాడిన మనిషిని నేను ఇరవై ఏళ్ళ కిందటే చూశాను.

నన్ను కొన్నది వీరాంజనేయులు. ఈ ఊళ్ళోనే తన ఇంటి ముందు గదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. ఇంటికి ఉన్నది ఒకే లైను. నేను పట్టుకుంటే బయటి ఫోన్లు రావు. ఎవరైనా రిసీవరు ఎత్తితే నేను తెగిపోతాను. వెనక గదిలో ఫోను పక్కన అతని తండ్రి పిచ్చయ్యగారు కూర్చునేవారు. పనిచేస్తోందో లేదో చూద్దామని పది నిమిషాలకోసారి రిసీవరు ఎత్తేవారు. అలా ఎత్తడం వల్లే చెడుతోందని కొడుకు మొత్తుకుంటే, ఎత్తకపోతే ఎలా తెలుస్తుందనేవారు.

ఒకప్పుడు ఒక పెళ్ళిలో, వియ్యాలవారి ముందు, తన అక్క వెంకాయమ్మగారు కలిపిన పులిహోరలో ఉప్పు తక్కువైందన్నారట ఆయన. అప్పటి నుంచి పదకొండేళ్ళు మాటల్లేవు. ఆవిడ ఉండేది బాపట్లలో. బస్సెక్కితే అరగంట, ఇద్దరూ ఎక్కలేదు. చివరికి చుట్టాల ద్వారా కబురొచ్చింది. గురువారం పొద్దున పదింటికి టెలిఫోను బూత్ నుంచి అక్క ఫోను చేస్తుంది, తమ్ముడు ఎత్తకపోతే ఇక తమ్ముడే లేడనుకుంటుంది. పరువు అడ్డొచ్చి ఆయన ఈ సంగతి కొడుక్కి చెప్పలేదు.

సరిగ్గా ఆ గురువారమే ఇంటర్ ఫలితాలొచ్చాయి. గుమ్మం నిండా పిల్లలు, వాళ్ళ వెనక తల్లిదండ్రులు. తొమ్మిదింటి నుంచీ లైను నా చేతిలోనే ఉంది. ఎత్తితే అక్క ఫోను తప్పిపోతుందేమోనని ఆ రోజు రిసీవరు ముట్టుకోని పిచ్చయ్యగారు, అది మోగక అల్లాడిపోయారు. పదిన్నరకు, తెగిన లైను కోసం నేను మళ్ళీ అరుస్తుండగా, ఆయన రిసీవరు ఎత్తారు. నా అరుపు విన్నారు. ఆ కోపం, ఆ గొంతు అక్కవేనని ఆయన గుర్తుపట్టారు.

"తిట్టక్కా. పదకొండేళ్ళది ఒకేసారి తిట్టు," అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడారు. పులిహోరలో ఉప్పు సరిపోయిందని, వియ్యాలవారి ముందు గొప్ప కోసం అన్నానని, ఆ రోజు తను రెండుసార్లు వడ్డించుకున్నానని చెప్పి ఏడ్చారు.

నాతో అంతవరకు ఎవరూ మాట్లాడలేదు. అరవడం ఆపేసి విన్నాను. అక్క ఫోను పెట్టేసిందనుకుని ఆయనా రిసీవరు పెట్టేశారు. వీరాంజనేయులు మళ్ళీ మీట నొక్కాడు. అక్కగారి ఫోను రావాలని నేను లైను పట్టుకోలేదు. నెత్తిన రెండు మొట్టాడు. హాల్‌టికెట్లు పట్టుకుని పిల్లలు గోల పెట్టారు. అయినా పలకలేదు.

అప్పుడు ఫోను మోగింది.

"గంట బట్టి చేస్తన్నా, కలవట్లా," అంది వెంకాయమ్మగారి గొంతు. "ఎవరితోరా అంతసేపు?"

"నీతోనే అక్కా," అన్నారు పిచ్చయ్యగారు.