గంటా పన్నెండు నిమిషాలు

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆమె ముప్పై ఎనిమిదో జత దగ్గరికి వచ్చింది. ఆమె ఉద్యోగం ఊళ్లను జత చేయడం. ఈ ఊరికి ఆ ఊరు ఎన్ని కిలోమీటర్లు, విమానంలో ఎంతసేపు అని రాసి ఇంటర్నెట్‌లో పేజీ పెట్టాలి. పటం మీద తిన్నగా గీత గీసి, ఆ దూరాన్ని గంటకి ఎనిమిది వందల చొప్పున భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలిపితే సరి. ఆ రెండు ఊళ్ల మధ్య అసలు విమానం తిరుగుతుందా అని ఆ ఆఫీసులో ఎవరూ అడగరు.

కళ్లు మండుతున్నాయి. మెడ పట్టేసింది. ఇన్ని దూరాలు రాసిన మనిషి మూడేళ్లుగా ఇంటికీ ఆఫీసుకీ తప్ప ఎక్కడికీ కదల్లేదు.

“ఎన్ని కలిపావమ్మా?” అన్నాడు సూపర్‌వైజర్. మాటిమాటికీ టైము చూసుకుంటాడని ఆయనకి గడియారం అని పేరు పెట్టారు.

“ముప్పై ఎనిమిది సార్.”

“సంబంధాలు కుదిర్చేవాళ్లు కూడా నీ ముందు దిగదుడుపే!”

ఫోను మోగింది. అక్క.

“రేపు పొద్దున పదింటికి నాకు కంటి ఆపరేషనే. పక్కన ఎవరైనా ఉండాలట. నువ్వెలాగూ రావులే, ఊరికే చెప్తున్నా.”

“అదేం మాటక్కా?”

“మరేమనాలి? గంటా పన్నెండు నిమిషాలని నువ్వే రాశావుగా. నేను పొయ్యి మీద గిన్నె దించేలోపు వచ్చి వాలొచ్చు. మూడేళ్లుగా ఆ మాత్రం తీరిక లేని పనేంటే నీది?”

ఉద్యోగంలో చేరిన వారంలోనే తమ రెండు ఊళ్ల పేజీ రాసింది ఆమె. ఐదువందల అరవై కిలోమీటర్లు. సరదాపడి అక్కకీ పంపింది. ఆ గీత మీద ఏ విమానమూ ఎగరదు. మూడో ఊరు వెళ్లి, అక్కడ ఆరు గంటలు బెంచీ మీద కూర్చుని, ఇంకోటి ఎక్కాలి. ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి పదమూడు గంటలు.

ఆ మాట చాలాసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకని తనలోకి తాను చూసుకుంటే, దొరికిన జవాబు ఆమెకే నచ్చలేదు. గంట దూరంలో ఉన్న మనిషిని ఈ వారం కాకపోతే వచ్చే వారం చూడొచ్చు. పదమూడు గంటలని పైకి అన్నాక, వెళ్తావా వెళ్లవా అన్న ప్రశ్న ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. దానికి జవాబు చెప్పే ఓపిక లేక, అక్క దృష్టిలో రాతిగుండె మనిషిగా ఉండిపోయింది.

“అక్కా, ఆ లెక్క తప్పు. మనకి తిన్నగా విమానమే లేదు. రెండెక్కాలి. మొత్తం పదమూడు గంటలు.”

అవతల గిన్నె దించిన చప్పుడైంది.

“మూడేళ్లు ఊరికే తిట్టించుకున్నావు కదే నా చేత,” అంది అక్క. కోపమో జాలో తెలియలేదు. “ఇప్పుడు టైమెంత?”

“మూడుంపావు.”

“మరి ఇంకా కూర్చున్నావేంటే?”

ఆమె లేచింది. మోకాలు కలుక్కుమంది.

“ఎక్కడికమ్మా? ఇంకా రెండు జతలున్నాయి!” అన్నాడు గడియారం, చేతి వాచీ చూసుకుంటూ.

“మా అక్క దగ్గరికి సార్.”

ఆ బెంచీ తలుచుకుంటేనే నడుము లాగింది. బ్యాగు భుజాన వేసుకుంది.