గనిలోకి దిగిన మధ్యాహ్నం

ఆ వీడియోగేమ్ పెట్టె మీద దుమ్ము తుడవడం నా పని. దాన్ని ఆడటం కాదు. "తడిగుడ్డ పెట్టద్దు. బటన్లు ముట్టద్దు. సుమ్నే, ఊరికే పైపైన తుడువు," అని శశికుమార్ మాలూరు ఫ్యాక్టరీకి రైలెక్కే ముందు రోజూ చెబుతాడు. పెళ్ళై పదిహేనేళ్ళయినా నాకు దుమ్ము తుడవడం రాదనే అనుకుంటున్నాడేమో.

బెంగుళూరు పాత సామాన్ల సంతలో కొనుక్కొచ్చాడు దాన్ని. క్యాసెట్టు గుచ్చితే టీవీలో బొమ్మ వస్తుంది. మా చిన్నప్పుడు ఇక్కడి టాకీసులో వారాల తరబడి ఆడిన ఒక ఇంగ్లీషు సినిమానే ఆటగా చేశారట. హీరో నిధి కోసం పాత బంగారు గనిలోకి దిగాలి. దిగితే కదా. మనుషుల్ని కిందికి దించే ఇనుప బోనులో నిలబడటం, గంట బటన్ నొక్కడం, బోను ధడేల్మని పడిపోవడం, హీరో చావడం. రెండు ఆదివారాలుగా నా మొగుడికీ మరిది ఉమేశ్‌కీ ఇదే పని. బోండాలు అందిస్తూ ఒకసారి అడిగాను, "ఆ గంట ఎన్నిసార్లు కొడతా ఉండారు?" అని.

"రెండు. అయినా ఇది మిక్సీ కాదు వదినా," అని ఉమేశ్ నవ్వాడు. శశికుమార్ టీవీ నుంచి కళ్ళు తిప్పకుండానే, "చట్నీ ఇంగా ఉండాదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి చట్నీ తెచ్చాను.

మా నాన్న ఎల్లప్ప ఈ ఊరి బంగారు గనిలోనే కార్మికుడు. గని గంటలు ఆయనకు ఎంత అలవాటయ్యాయంటే ఇంట్లో నోటితో మాట్లాడటం దాదాపు మానేశాడు. కంచం మీద వేలితో రెండు కొడితే అమ్మ ఇంకో సంగటి ముద్ద పెట్టాలి. ఒకటి కొడితే ఇక చాలని. తలుపు మీద మూడు కొడితే మనుషులొచ్చారని అర్థం, నీళ్ళచెంబు తేవాలి. గనిలోనూ అంతే. రెండంటే దించు, ఒకటంటే ఆపు, మూడంటే బోనులో మనుషులున్నారు, జాగ్రత్త. ముందు మూడు కొట్టకపోతే పైనున్న ఇంజన్ డ్రైవరు రాళ్ళ లోడనుకుని ఒక్క ఊపున వదిలేస్తాడు. అమ్మ ఆ గంటలన్నీ నేర్చుకుంది గానీ ఒక్కనాడూ తిరిగి కొట్టలేదు.

"లోపల ఎట్లుంటాది నాయనా?" అని నేను అడిగేదాన్ని. "చీకటమ్మా. ఆడబిడ్డలు దిగే చోటు కాదు," అనేవాడు. గని మూతపడింది, ఆయనా పోయాడు. లోపల ఎలా ఉంటుందో తెలియకుండానే నాకు నలభై ఏళ్ళొచ్చాయి. అది చూడాలని ఎంత ఆశ ఉందో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

శుక్రవారం మధ్యాహ్నం తుడుస్తూ తుడుస్తూ స్విచ్ వేసి, ఆట రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. ఆట శశికుమార్ ఆపిన చోటే, బోను ముందే మొదలైంది. రెండడుగుల దూరం హీరోని నడిపించడానికే పావుగంట పట్టింది. గంట మూడుసార్లు నొక్కి ఆగాను. పైనుంచి జవాబుగా గంట మోగింది. అప్పుడు రెండు కొట్టాను. బోను మెల్లగా దిగింది.

లోపల చీకటి లేదు. నీలం గోడలు, పచ్చటి దీపాలు, ఎటు చూసినా సన్నటి దారులు. అది బొమ్మేననీ, మా నాన్న దిగిన గని కాదనీ నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది. ఒక దారిలో విరిగిన ట్రాలీ, ఇంకో దారిలో ఎవరో వదిలేసిన చెప్పులు. ఎవరివి? ఈ మలుపు తర్వాత ఏముంది? పప్పు మాడిన వాసన వస్తే వెళ్ళి స్టవ్ ఆపేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

ఆరున్నరకు శశికుమార్ వచ్చాడు. టీవీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఉమేశ్ వచ్చినాడా?"

"లేదు. నేనే దిగినా."

"నువ్వా? ఎట్ల?" అంటూ పక్కన కూర్చుని, జవాబు వినకుండానే చెయ్యి చాచాడు. "సరే, ఇటియ్యి. ఇంగ నిధి దాకా నేను పోతా. నువ్వు పోయి కాఫీ పెట్టు."

నా చెయ్యి దానంతట అదే రిమోట్ ఇవ్వబోయింది. ఇన్నేళ్ళుగా అడిగినవన్నీ అందించిన చెయ్యి మరి. దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"నిధి నువ్వే తీసుకోప్పా, నాకొద్దు," అన్నాను. "నేను చూడాల్సిన దారులు ఇంగా ఏడు మిగిలుండాయి. పాలు ఫ్రిజ్జులో ఉండాయి. నాకూ ఒక లోటా తీసుకురా."