బండి తిరిగే చోటు

నాగులమ్మ చీపురు ఆపి వంగి చూసింది. రౌండు అంచున, కంకర పొడి మీద సన్నటి చక్రాల గీతలు పడి ఉన్నాయి. నిన్న సాయంత్రం తాను ఊడ్చి వెళ్లాక పడినవే. పాల ఆటో చక్రాలు ఇంత సన్నంగా ఉండవు. ఇస్త్రీ బండివైతే, పొద్దు పోయాక ఆ బండికి ఇక్కడేం పని? చీపురు కట్టను నేలకు తట్టి, గీతలు చెరగకుండా వాటి చుట్టూ మాత్రమే ఊడ్చింది. అడిగేటప్పుడు చూపించడానికి ఉండాలి.

కొడవలూరు దాటి, హైవే మీద నుంచి లోపలికి వస్తే ఒకప్పటి వరి మడుల్లో లేచిన లేఅవుట్ అది. ముందు రోడ్లన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. చివరి రోడ్డు మాత్రం పంట కాలువ గట్టు దగ్గర ఆగిపోతుంది. అలా ఆగిపోయే రోడ్డు కొసన బండి తిరగడానికి గుండ్రంగా చోటు వదలాలని రూలు. ఫైరింజను వచ్చినా, అంబులెన్సు వచ్చినా ఒక్క తిప్పుతో వెనక్కి మళ్లాలి. రాళ్లు పాతిన రోజు ఇంజనీరు ఎవరితోనో అంటుంటే నాగులమ్మ వింది. అందరూ దాన్ని రౌండు అంటారు. ఊడవడం, మొక్కలకు నీళ్లు పట్టడం, గేటు దగ్గర రేకుల గదిలో కాపలా పడుకోవడం ఆమె పని. రౌండును కనిపెట్టుకుని ఉండమని ఎవరూ చెప్పలేదు. అది తనంతట తాను నెత్తికెత్తుకుంది.

నెత్తి అంటే మామూలు నెత్తి కాదు. ఇరవై ఏళ్లు చేపల గంప మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. మెడ పొట్టిగా, లావుగా భుజాల్లోకి దిగిపోయింది. ఇసుక ఎండలో చికిలించి చూసిన కళ్లు నీడలో కూడా అట్లాగే ఉంటాయి. ఎవరు పలకరించినా ఆ కళ్లు ముందు మనిషి చేతులు చూస్తాయి, తర్వాతే మొహం.

ఇక్కడి వాళ్లను నమ్మకపోవడానికి కారణం కళ్ల ముందే ఉంది. ఇళ్ల వరసల వెనక మనిషి పట్టేంత సందు వదిలారు, మురుగు కాలువ బాగుచేసుకోవడానికి. ఒకాయన అందులోకి మెట్లు దించాడు. ఇంకొకాయన మోటారు గది కట్టాడు. ఇప్పుడు ఆ సందులోకి పిల్లి తప్ప ఇంకేదీ దూరలేదు.

అసలు కారణం మాత్రం సముద్రం ఒడ్డున ఉంది. ఆమె పుట్టి, మెట్టిన పట్టపుపాళెంలో ఒడ్డు నుంచి రోడ్డుకు ఒక దారి ఉండేది. రొయ్య పిల్లల హేచరీ వాళ్లు మొదట దారి పక్కన పైపులు దించారు. నాలుగు రోజుల్లో తీస్తామన్నారు. పైపుల మీదికి పందిరి వచ్చింది. పందిరికి కంచె వచ్చింది. కంచెకు గేటు వచ్చింది. ఆ గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఆమె మొగుడు పోలేరయ్యకే ఇచ్చారు. ఒకరోజు తెల్లవారి గంపతో వెళ్తే, ఖాకీ చొక్కాలో ఉన్న పోలేరయ్య ఆమె మొహం చూడకుండా, “చుట్టు తిరిగి పో నాగులూ” అన్నాడు. ఆమె చుట్టు తిరిగే పోయింది. ఆ తర్వాత అతనికి కూడు పెట్టింది, జబ్బు చేస్తే చాకిరీ చేసింది, పోతే ఏడ్చింది. మళ్లీ నమ్మడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

ఎండెక్కాక పెంచల్ ఇస్త్రీ బండి తోసుకుంటూ వచ్చాడు. వంగిన వీపు, మసి పట్టిన గోళ్లు. రౌండు పక్కన కానుగ నీడలో బండి నిలుపుకుంటాడు. పొద్దు గూకే లోపల తీసుకుపోవాలని నాగులమ్మ షరతు.

“ఈ గీతలేంది అబ్బయా?”

“నిన్న నేను పొయ్యేటప్పటివి అక్కా.”

“నువ్వు పొయినాకే గదా నేను ఊడ్చింది.”

పెంచల్ వంగి గీతలు చూశాడు. “చివరింటి మేడమ్ వాళ్ల చీరలు ఇచ్చేది మర్చిపొయినా. మళ్లొచ్చి ఇచ్చి పొయినా.”

“బండితోనా?”

“బండి యాడ పెట్టి వచ్చేది?”

సమాధానం సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉన్నందుకే ఆమెకు నచ్చలేదు. చివరింటికి వెళ్లి టీచరు పుష్పకుమారిని అడిగింది. “అవును నాగులమ్మా, ఇచ్చిపోయాడు” అందామె, అన్నం డబ్బా సర్దుకుంటూనే. అడిగీ అడగంగానే అంత చప్పున ఎందుకు చెప్పినట్టు? నాగులమ్మ గేటు దాకా ఆ మాటే నమిలింది.

మధ్యాహ్నం సంగటి రెండు ముద్దలకు మించి దిగలేదు. కొన్నాళ్లుగా ఎడమ చెయ్యి లాగుతోంది, నాలుగడుగులకే గస వస్తోంది. కొడవలూరు డాక్టరు మాత్రలిచ్చాడు. పోయినసారివి గులాబీ రంగు, ఈసారి తెల్లవి. ఒకదాన్ని గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. సున్నంలా అనిపించింది. మాత్ర మింగకుండానే పొట్లం చూరులో దోపి, మొక్కలకు నీళ్లు పట్టడానికి లేచింది.

అప్పుడే సూపర్‌వైజర్ సుబ్బు మోటారు సైకిల్ మీద వచ్చాడు. నేరుగా రౌండు దగ్గరికి పోయి పెంచల్ భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పాడు. పెంచల్ తల ఊపాడు. నాగులమ్మ పైపు కింద పడేసి నడిచింది. ఆమె చేరేసరికి మాటలు ఆగిపోయాయి.

“సుబ్బన్నా, ఈ రౌండు ఉంటదా?”

“ఉండక ఏం చేస్తది నాగులమ్మా? నడిచి పోతదా?” సుబ్బు నవ్వాడు.

“మా పాళెంలో దారి నడిచే పొయింది సామీ.”

సుబ్బు నవ్వు సగంలో ఆపి బండి స్టార్టు చేశాడు. దుమ్ము అణిగాక ఆమె పెంచల్ వైపు తిరిగింది.

“ఏమంటాడు?”

“ఏం లేదక్కా. చొక్కాలు తెచ్చిస్తానన్నాడు.”

సుబ్బు వేసుకున్న చొక్కాకు కత్తి అంచుల్లాంటి మడతలు ఉన్నాయి. ఎవరో ఒకరు అతనికి బాగానే ఇస్త్రీ చేస్తున్నారు.

సాయంత్రం పెంచల్‌ను పంపించడానికి మళ్లీ వచ్చింది. గేటు నుంచి రౌండుకు రోజూ నడిచే దూరమే. ఇవాళ రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. రవిక చెమటతో వీపుకు అంటుకుంది. పెంచల్ ఆమెను చూసి, బండి కింది నుంచి ఒక చెక్క స్టూలు లాగాడు. దాన్ని తెచ్చి రౌండు నడిమధ్యన వేశాడు.

“కూసో అక్కా. మొహం అట్ట పాలిపోయిందేంది?”

“మధ్యలో ఎందుకేసినావు?”

“గాలి ఈడనే తగలద్ది.”

తూర్పు గాలి వస్తున్న మాట నిజమే. ఆ గాలిలో ఎక్కడో ఉప్పు వాసన కూడా ఉంది. నిలబడే ఓపిక లేక కూర్చుంది.

“డాక్టరు దగ్గిరికి తీసకపోనా?”

“నువ్వు పో. నువ్వు పొయ్యేది చూసి లేస్తా.”

పెంచల్ బొగ్గులు ఆర్పి, గుడ్డల మూట సర్ది, బండి తోసుకుంటూ కదిలాడు. రెండుసార్లు వెనక్కి చూశాడు. ఎందుకు చూస్తున్నాడా అనుకుంది. బండి మలుపు తిరిగే దాకా చూపు తిప్పలేదు.

పుష్పకుమారి ఇంటికి వచ్చిన చుట్టాల కారు బయల్దేరింది. డ్రైవరు హారన్ కొట్టబోయి, ముసలామె కునుకు తీస్తోందనుకున్నాడేమో, కారును ఆమె చుట్టూ మెల్లగా తిప్పుకుపోయాడు. లైట్ల వెలుగు ఆమె కాళ్ల మీదుగా, కానుగ మీదుగా, కాలువ గట్టు మీదుగా గుండ్రంగా తిరిగి వెళ్లిపోయింది. చోటు చాలింది. ఇంకా మిగిలింది కూడా. నాగులమ్మ అది చూసింది. తర్వాత చెయ్యి లాగడం ఆగిపోయింది.

తన ఇంటి గేటు వేసుకోవడానికి వచ్చిన పుష్పకుమారి రెండుసార్లు పిలిచింది. దగ్గరికి వచ్చి భుజం పట్టుకుంది. ఫోన్ చేస్తే నూటెనిమిది అంబులెన్సు వచ్చింది. రివర్సు అవసరం లేకుండా ఒక్క తిప్పుతో మళ్లి నిలబడింది. వచ్చినవాళ్లు నాడి చూసి, మొహం మీదికి దుప్పటి లాగి ఆమెను ఎక్కించుకున్నారు.

మర్నాడు పెంచల్ ఆలస్యంగా వచ్చాడు. కానుగ కింద బండి నిలిపి, స్టూలు వైపు చాలాసేపు చూశాడు. తియ్యలేదు. నిలబడే ఇస్త్రీ చేసుకున్నాడు. పుష్పకుమారి దాన్ని తప్పించుకుని చుట్టు తిరిగి పోయింది. మధ్యాహ్నం సుబ్బు వచ్చాడు, స్టూలును చూశాడు, అతనూ తియ్యమనలేదు. పొద్దు గూకాక పెంచల్ ఎప్పటిలాగే బండి తోసుకుపోయాడు.

రౌండు మధ్యలో స్టూలు అట్లాగే ఉంది. పొట్టి కాలు ఒకటి ఊగకుండా ఎవరో గుడ్డ పేలిక చుట్టారు. కాళ్లు నాలుగూ కంకరలోకి కొంచెం దిగబడి ఉన్నాయి.