నలభై ఒకటో బ్యాగు

గురునాథం ప్రతి ఆదివారం త్రివేణికి తన చేత్తో టీ గ్లాసు అందించేవాడు. "అమ్మా, నీలాంటి వాలంటీర్లు పదిమంది ఉంటే చాలు, ఈ రాయపూర్‌లో బడి మొహం చూడని పిల్లంటూ మిగలదు" అనేవాడు. ఆమె మనసులో ఏముందో తెలిసి ఉంటే టీ మాట అటుంచి, గేటు లోపలికే రానిచ్చేవాడు కాదు. ఏముందంటారా? కసి ఉంది. ఇరవై రెండేళ్ళుగా అరగని కసి.

గురునాథం రైల్వేలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. గుఢియారీలో పట్టాల పక్కన తుక్కు ఏరుకునే వాళ్ళ పిల్లలకీ, భన్‌పురి ఫ్యాక్టరీల్లో కూలి చేసే వాళ్ళ పిల్లలకీ చదువు చెప్పిస్తానని 'చిరుదివ్వె సేవా సమితి' పెట్టాడు. ఉద్యోగంలో ఉన్నప్పటినుంచీ నడుపుతున్నాడు. చెప్పేది వాలంటీర్లు, పేరు ఆయనది. అదీ తప్పు కాదనుకోండి, ఎవరో ఒకరు పూనుకోవాలిగా. తప్పంతా నవంబరు పద్నాలుగున ఉండేది.

ఆ రోజు షామియానా వేసేవారు. పెద్దమనుషులొచ్చేవారు. పిల్లలు ఒక్కొక్కరే వేదికెక్కి కొత్త బ్యాగు అందుకునేవారు. బ్యాగు ఇచ్చేటప్పుడు ఫొటో, వీపుకి తగిలించాక ఫొటో, అందరినీ నిలబెట్టి ఇంకో ఫొటో. అయ్యాక పిల్లలు బూందీ పొట్లం తీసుకుని వెనక గేటు నుంచి బయటికెళ్ళాలి. ఆ గేటు దగ్గర ఇద్దరు గోనెసంచులు పట్టుకుని నిలబడేవారు. బ్యాగు గోనెలో వేస్తేనే గేటు దాటేది. ఎందుకయ్యా అంటే, "ఇస్తే చింపుకుంటారు, లేదంటే అమ్ముకుంటారు. మన దగ్గర భద్రంగా ఉంటాయి" అనేవాడు. మళ్ళీ ఏడాది అవే బ్యాగులు, అవే ఫొటోలు. మొహాలు మాత్రం వేరు.

రెండువేల రెండులో ఆ మొహాల్లో ఒకటి త్రివేణిది. తొమ్మిదేళ్ళు. తండ్రి బంగారయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి ఇనుప మిల్లులో పనికొచ్చి, ఆ ఏడే మిల్లులోనే పోయాడు. తల్లి రమణమ్మ భన్‌పురిలో పప్పు మిల్లులో రాళ్ళేరేది. వీపుకి తగిలించుకున్న నీలం బ్యాగు తనదేనని ఆ పిల్ల నమ్మేసింది. ఎందుకు నమ్మదు? వేదిక మీద అంతమంది ముందు ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర గోనె చూసింది. పక్క గోడెక్కి దూకి ఇంటికి పరిగెత్తింది.

మర్నాడు గురునాథం పప్పు మిల్లుకే వచ్చాడు. పనివాళ్ళందరి ముందూ, "ఏమమ్మా, నీ కూతురికి దొంగతనం నేర్పావా? సమితి బ్యాగు ఎత్తుకొచ్చింది" అన్నాడు. రమణమ్మ చేటలో పప్పు అక్కడే వదిలేసి ఆయన కాళ్ళ మీద పడింది. తర్వాత గుడిసెకొచ్చి బ్యాగు ఆయనకిచ్చేసి, చీపురు తిరగేసి కూతుర్ని బాదింది. చీపురు కట్టు తీగ తెగి త్రివేణి ఎడమ మోచేతి కింద గీరుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. జూన్‌లో బడిలో చేర్పించే పిల్లల జాబితా నుంచి గురునాథం ఆమె పేరు కొట్టేయించాడు.

అమ్మ కొట్టినందుకు కాదు త్రివేణికి మంట. నమ్మనందుకు. "నాకు ఇచ్చారమ్మా, ఇచ్చి మళ్ళీ అడిగారు" అని ఎన్నిసార్లు చెప్పిందో! రమణమ్మది ఒకటే మాట. "సాల్లే. అంత పెద్దాయన పిల్లలకిచ్చింది మళ్ళీ లాక్కుంతాడేటి? బుద్ధున్నోడెవడైనా అలాటి పని సేస్తాడా?" నిజమే, బుద్ధున్నవాడెవడూ చెయ్యడు. అందుకే త్రివేణి మాట ఎవరూ నమ్మలేదు. పదో ఏట పండరీ బట్టల మార్కెట్లో దారాలు కత్తిరించే పనికి పోయింది, పన్నెండో ఏట కుట్టుమెషినెక్కింది, ఓపెన్ స్కూల్లో పది గట్టెక్కింది. ఇప్పుడు గుఢియారీలో సొంత కొట్టు, నాలుగు మెషిన్లు. ఏం కుడుతుందనుకున్నారు? బ్యాగులే. అమ్మను తన దగ్గరే పెట్టుకుని మూడుపూటలా అన్నం పెడుతోంది. అయినా ఇంట్లో ఏదైనా కనిపించకపోతే రమణమ్మ ముందు కూతురి వైపే చూసేది. ఆ చూపు త్రివేణిని ఇరవై రెండేళ్ళుగా కాలుస్తూనే ఉంది.

అమ్మ ముందు, ఆ మనిషి నోటితో, నిజం చెప్పించాలి. ఆమెకు కావలసింది అంతే.

నిరుడు నవంబరు దాటాక సమితిలో వాలంటీరుగా చేరింది. పేరు త్రివేణి అనే చెప్పింది. గురునాథం కనుబొమ్మ కూడా కదపలేదు. ఆయనకు పిల్లల పేర్లు ఏనాడైనా తెలిస్తేగా! తలలు లెక్కపెట్టేవాడు, 'ఏయ్ పిల్లా' అని పిలిచేవాడు. మొదటి ఆదివారమే అడిగేద్దామా అనుకుంది. ఆగింది. నలుగురిలో గొడవ పెడితే మండిపడి పిల్లల పేర్లు కొట్టేయిస్తాడు, ఆ పని ఆయనకు అలవాటే. అందుకని జూన్‌లో పిల్లలందరి పేర్లూ బడి రిజిస్టరులోకి ఎక్కేదాకా పళ్ళబిగువున ఊరుకుంది. ఈలోగా నలభైమందికీ ఎవరి పేరు వాళ్ళు చదవడం, రాయడం నేర్పింది. సుఖ్‌మతి అనే పిల్ల 'ఖ' దగ్గర నాలుగు నెలలు సతాయించింది. త్రివేణి వదల్లేదు. కసితో చెప్పిన చదువు కూడా చదువే కదా, పిల్లలకి బాగానే వచ్చింది.

అక్టోబరులో గురునాథం పాత బ్యాగులు దులిపి చూశాడు. జిప్పులు ఊడిపోయాయి, ఎలుకలు కొట్టేశాయి. "ఈసారి విరాళమిచ్చే మేడమ్ ఒకావిడ ఢిల్లీ నుంచి వస్తున్నారు. పరువు పోతుందేమో" అని గునిశాడు.

"నేను కుట్టిస్తాను మాస్టారూ. నలభై. నా సేవ అనుకోండి" అంది త్రివేణి.

ఆయన మొహం వెలిగిపోయింది. పక్కనే ఉన్న ఫణిశ్రీతో, "చూశావా, సేవంటే ఇదీ!" అన్నాడు. ఫణిశ్రీ బ్యాంకులో పనిచేస్తూ ఆదివారాలు లెక్కలు చెప్పే అమ్మాయి. సమితికి కొత్త.

కార్యక్రమానికి రెండు రోజుల ముందు ఆ అమ్మాయే కొట్టుకు పరిగెత్తుకొచ్చింది. "అక్కా, సర్ నన్ను గేటు దగ్గర గోనె పట్టుకుని నిలబడమంటున్నారు. ఇచ్చినవి మళ్ళీ తీసుకోవాలట! ఛీ, ఇదేం పద్ధతి? నేను రానని చెప్పేస్తా."

"రా. వచ్చి గోనె పట్టుకో" అంది త్రివేణి మెషిన్ మీంచి తలెత్తకుండా. "అందరికీ కనపడేలా పట్టుకో."

ఫణిశ్రీ వంగి చూసింది. మెషిన్ కింద బ్యాగు మూత తిరగేసి ఉంది. మూత లోపలి వైపు ఎర్రదారంతో, అరచేయంత హిందీ అక్షరాలతో పేరు కుడుతోంది త్రివేణి. బిడ్డ పేరు, కింద తండ్రి పేరు. విప్పితే గుడ్డ చిరుగుతుంది తప్ప అక్షరం పోదు.

నవంబరు పద్నాలుగు మధ్యాహ్నం రమణమ్మను పిల్లల పండగని చెప్పి తీసుకొచ్చి మూడో వరుసలో కూర్చోబెట్టింది. వేదిక మీద మనిషిని చూడగానే రమణమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. "ఓలమ్మా! ఆ బాబు గాదా? నన్నెందుకు తెచ్చినావే ఇక్కడికి? నా మొహం ఎలాగ సూపించనే?"

"కూర్చోమ్మా. ఈ ఒక్కసారి నోరు మూసుకుని విను" అంది త్రివేణి. గొంతు కటువుగానే వచ్చింది.

మొదటి బ్యాగు సుఖ్‌మతికి. ఫొటో తీశారు. పిల్ల దిగిపోకుండా, నేర్పినట్టే మూత పైకెత్తి అక్షరాల మీద వేలుపెట్టి మైకులో చదివింది. "సుఖ్‌మతి. పితా జగ్‌మోహన్. యే మేరా బస్తా హై." ఈ బ్యాగు నాది అని. పిల్ల 'ఖ' దగ్గర తడబడలేదు. త్రివేణికి కళ్ళు చెమర్చాయి, అంత కసిలోనూ.

ఢిల్లీ మేడమ్ లేచి చప్పట్లు కొట్టింది. "అరే వాహ్! ప్రతి బ్యాగు మీదా బిడ్డ పేరు! ఎంత మంచి ఆలోచన, గురునాథం జీ! మిగతా పేర్లు మీరే చదివి పిలవండి!"

గురునాథం మూత చూశాడు. గేటు వైపు చూశాడు. మొహంలో రంగు మారింది. కానీ పొగడ్త చెవిలో పడ్డాక కాదనగలడా? ఒక్కొక్క మూతా ఎత్తి చదవడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళకు పైగా తలలు లెక్కపెట్టిన మనిషి మొదటిసారి పేర్లు చదివాడు. పదో పేరు దగ్గర చెమట పట్టింది. నలభయ్యో పేరయ్యాక హమ్మయ్య అని చూస్తే బల్ల మీద ఇంకో బ్యాగుంది. నీలం రంగుది, చిన్నది.

"త్రివేణి. పితా బంగారయ్య" అని చదివాడు. ఎవరూ రాలేదు. "త్రివేణి! బంగారయ్య కూతురు త్రివేణి! ఏదీ, రా పిల్లా!"

మైకులో మొగుడి పేరు వినపడేసరికి రమణమ్మ ఉలిక్కిపడి కొంగు దించింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కూతురు మెట్లెక్కుతోంది.

"నువ్వేంటమ్మా? పేరు పొరపాటున పడిందా?" అని నవ్వబోయాడు గురునాథం.

త్రివేణి బ్యాగు పట్టీ పట్టుకుంది. రెండో పట్టీ ఆయన చేతిలోనే ఉంది. అందరికీ అర్థం కావాలని హిందీలోనే చెప్పింది. ఇదే మైదానం, ఇదే తారీకు, అప్పుడు తనకు తొమ్మిదేళ్ళని చెప్పింది. తర్వాత తెలుగులో, ఆయనకే, "ఆ రోజు నీలం బ్యాగు మీరు నాకు ఇచ్చారా, నేను ఎత్తుకెళ్ళానా? మైకులో చెప్పండి మాస్టారూ" అంది.

ఆయన పెదవులు తడుపుకున్నాడు. "ఆ పాత సంగతులన్నీ ఇప్పుడెందుకమ్మా? తర్వాత మాట్లాడుకుందాం..."

"సరే. ఆ గేటు దగ్గర గోనెలెందుకున్నాయో మేడమ్‌కి నేను చెప్పేదా? లేకపోతే నేనడిగింది మీరు చెప్తారా?"

త్రివేణి చెయ్యి చూపిన గేటు వైపు ఢిల్లీ మేడమ్ తిరిగింది. ఫణిశ్రీ గోనెను రెండు చేతులా విప్పి పట్టుకుని, అందరికీ కనపడేలా నిలబడి ఉంది.

"ఇచ్చాం" అన్నాడు గురునాథం.

"మైకులో. హిందీలో."

"ఇచ్చాం. ఇచ్చి, ఫొటో అయ్యాక తిరిగి తీసుకునేవాళ్ళం. అందరి దగ్గరా." షామియానా అంతా గుసగుసలు.

"మరి నేను దొంగనా?"

"కాదు."

"వదలండి."

పట్టీ వదిలాడు. త్రివేణి బ్యాగు భుజాన వేసుకుంది. ఎంత తృప్తిగా ఉందో చెప్పలేం. ఆ ముసలాయన మొహం మాడిపోవడం ఆమె కళ్ళారా చూసింది, జాలి పడలేదు.

అప్పటికే రమణమ్మ మెట్లెక్కేసింది. ఆమె రావడం చూసి గురునాథం అలవాటు కొద్దీ దీవించడానికి చెయ్యెత్తాడు.

"దండం ఎట్టడానికి రానేదు బాబూ" అంది రమణమ్మ. "ఆ రోజు మిల్లు కాడ నీ కాళ్ళొట్టుకున్నాను. నా పిల్ల దొంగని నమ్మి ఎట్టిన దండమది. అది నాకు తిరిగిచ్చీ."

ఆయన ఎత్తిన చెయ్యి దించాడు.

"ఇచ్చినవి తిరిగి తీసుకోడం నీకు తెలిసిన పనే గదా? ఇచ్చీ."

గురునాథం మేడమ్ వైపు చూశాడు. ఆమె ఆయన్ని ఆదుకోలేదు. మెల్లగా చేతులు జోడించాడు.

"నాక్కాదు. దానికి."

ఆయన త్రివేణి వైపు తిరిగి, తలవంచి దండం పెట్టాడు. నలభైమంది పిల్లలూ బ్యాగులు వీపున వేసుకుని చూస్తూనే ఉన్నారు.

వెనక గేటు నుంచి పిల్లలు బయటికెళ్తున్నారు. ఎవరూ ఆపలేదు. "వచ్చే ఆదివారం నుంచి క్లాసు మా కొట్టు వరండాలో" అని త్రివేణి వాళ్ళ తల్లులకు చెప్పింది. రమణమ్మ కూతురి మోచేతి కింద మచ్చ తడిమింది. "నన్ను గూడా ఓ మాటనే. నానూ నిన్ను దొంగన్నాను గదా."

త్రివేణికి అప్పుడు తెలిసింది, అమ్మ మీద కోపం ఇంకా అలాగే ఉందని. "అంటాను. ఇవాళ కాదు. ఇంటికెళ్ళాక తీరిగ్గా, రోజుకింత" అంది.

"అను. సెవులొగ్గి ఇంతాను" అంది రమణమ్మ. వంగి, గేటు దగ్గర పడి ఉన్న గోనెలు రెండూ మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

"పిన్నీ, అవి సమితివి" అంది ఫణిశ్రీ.

"మా కొట్లో గుడ్డపీలికలేసుకోడానికి పనికొస్తాయి. కావాలంటే ఆ బాబునే వచ్చి అడగమను."