జాబితాకెక్కని పెట్టె

చేపల గిడ్డంగిలోకి అడుగు పెట్టగానే ప్రోగ్రామరు ముక్కు మూసుకుంది. వ్యాను ఎక్కాల్సిన పెట్టె ఒకటి మూలన ఉండిపోయి, ఐసంతా కరిగి, మూత కింద పురుగులు లుకలుకలాడుతున్నాయి.

“హమాలీ నిద్రపోయాడు. పనిలోంచి తీసేశాను,” అన్నాడు యజమాని. “సాఫ్టువేరులో లోపమేమీ లేదని మీ బావగారు కూడా చెప్పారు.”

ఆ సాఫ్టువేరు రాసింది ఆమె అక్క మొగుడే. కంపెనీ అతనిది, ఆమె అందులో ఉద్యోగి.

ముక్కు మూసుకునే రికార్డులు తిరగేసింది. రెండు కాంటాల దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి పెట్టెలు నమోదు చేస్తారు. ఎంట్రీ మొదలుపెట్టగానే డేటాబేసు వరస నంబరు ఇచ్చేస్తుంది. సేవ్ అయ్యేదాకా మాత్రం ఆ ఎంట్రీ ఇంకెవరికీ కనబడదు. ఒక గుమాస్తా 712 తీసుకుని, బరువు దగ్గర తగువులో పడ్డాడు. ఈలోగా రెండోవాడు 713 తీసుకుని చకచకా సేవ్ చేసేశాడు. వ్యాన్ల జాబితా తీసే ప్రోగ్రాము 713 దాకా చూసేశాననుకుని, ఆ పైవాటి కోసమే వెతకసాగింది. తర్వాతెప్పుడో 712 సేవ్ అయినా, దాన్ని పట్టించుకునే దిక్కు లేదు. హమాలీ చేతికిచ్చిన జాబితాలో ఆ పెట్టే లేదు.

ఆఫీసుకెళ్లి బావకి చెప్పింది.

“నంబర్లలో ఖాళీలు మామూలే కదా! ఎవడో ఎంట్రీ రద్దు చేస్తాడు, ఆ నంబరు మళ్లీ వాడుకలోకి రాదు.”

“ఇది రద్దయింది కాదు బావా, ఆలస్యంగా సేవ్ అయింది. మీకు తెలీదా?”

అతను టీ చప్పరిస్తూ నవ్వాడు. “పోయిన నెలే చూశాను. చడీచప్పుడు లేకుండా సరిచేసెయ్. హమాలీదేముంది, ఇంకోచోట మూటలు మోసుకుంటాడు.”

పురుగుల్ని చూసినప్పుడు కూడా ఆమెకి అంత రోత పుట్టలేదు. ఇన్నాళ్లూ ఈ మనిషినా నోరారా బావా అని పిలిచింది!

తిన్నగా యజమాని దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. హమాలీకి కబురు వెళ్లింది. అతను రాగానే యజమాని, “వచ్చావుగా, ముందు ఆ పెట్టె ఎత్తి పారెయ్,” అన్నాడు. క్షమాపణ లేదు, పాడూ లేదు. ఆమెకి ఒళ్లు మండింది.

నంబర్ల వెంట పడకుండా, ఇంకా వ్యాను ఎక్కని పెట్టెలన్నీ చూపించేలా ప్రోగ్రాము మార్చి, అదే పూట రాజీనామా పంపింది.

కాసేపటికే అక్క ఫోను చేసింది. “ఇంటి మనిషివై ఉండి బజారున పడేస్తావుటే?”

“మీ ఆయన దగ్గర ఇంక పని చెయ్యలేనక్కా. మొహం చూస్తేనే వాంతొస్తోంది.”

అక్క గొంతు తగ్గించింది.

“నాతో కూడా మాట్లాడవా అయితే?”

“నీతో ఎందుకు మాట్లాడను? నువ్వే మా ఇంటికి రా. ఒక్కదానివే.”