వేసవిలో వేసిన ఉప్పు

నాన్న పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతోంది. పడిన గుంట పూడటం లేదు. ఈసారి కూడా వాపు తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చుకుంటానని గుండె డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఆయన దగ్గరికి వెళ్ళాల్సింది రేపే. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

“నిజం చెప్పమ్మా, నాన్న కూరలో ఉప్పు వేస్తున్నావా?” అన్నాను, వంటింటి గుమ్మంలో నిలబడి.

“ఏటే మీనా, మళ్ళీ అదే మాట! ఎయ్యలేదంటే నమ్మవేటి? నా పుస్తెల మీద ఒట్టు!” అంది అమ్మ.

ఉప్పుడబ్బా అటకెక్కించింది నేనే. గోల్‌బజార్ నుంచి మిక్చరు పొట్లం తేవడం మానేసిందీ నేనే. మరి ఆ పాదాల్లోకి నీరెక్కడిది? ఒళ్ళు మండిపోతూ తాల్‌బగీచాలో ట్యూషన్ చెప్పడానికి వెళ్ళాను.

పాఠం శుద్ధ పదార్థాలు, మిశ్రమాలు. పంచదార శుద్ధ పదార్థం, పాలు మిశ్రమం. “కంటికి ఒకటే వస్తువులా కనబడితే చాలదర్రా, అందులో ఏమేం కలిశాయో చూడాలి,” అని తొమ్మిదో తరగతి పిల్లల మీద అరుస్తూ అరుస్తూ ఆగిపోయాను. నాన్న కంచం గుర్తొచ్చింది. చప్పిడి పప్పు. పక్కన వేయించిన గుమ్మడి వడియాలు. రోజూ అడిగి మరీ వేయించుకుంటున్నాడు.

పాఠం మధ్యలోనే వదిలేసి ఆటో ఎక్కాను.

ఇంటికొచ్చేసరికి నాన్న భోజనానికి కూర్చుని ఉన్నాడు. కంచంలోంచి వడియం తీసి కొరికాను. ఉప్పే!

“దాన్లో ఉప్పెక్కడిదే?” అంది అమ్మ. “గుమ్మడిముక్కలకి ఉప్పు రాసి, ఆ ఉప్పునీళ్ళన్నీ గుడ్డలో ఏసి పిండేసినాం గదా!”

“కొంతేగా పోయింది? ముక్కలో మిగిలింది మిగిలిందే. ఆపైన పిండిలో మిరపకాయలతో నూరి కలిపిన ఉప్పో?”

నాలుగు వడియాలు వేణ్ణీళ్ళలో నానేసి, వడగట్టి, ఆ నీళ్ళు గరిటెలో పోసి మంట మీద ఇగరబెట్టాను. గరిటె అంచున తెల్లటి పొర కట్టింది. చల్లారాక అమ్మ వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. ముఖం పాలిపోయింది.

“ఎండాకాలం ఏసిన ఉప్పు... నేను ఈయాలది, నిన్నటిదే లెక్కేసుకున్నానే,” అంది.

నాన్న తలెత్తలేదు. వర్క్‌షాపులో ఇనుము కోసి కోసి మొద్దుబారిన వేళ్ళతో వడియం ముక్క పట్టుకునే ఉన్నాడు.

“నాకు తెలుసు,” అన్నాడు. “అదొక్కటే నోటికి తగిలేది. మీ అమ్మ ఉప్పెయ్యలేదని ఒట్లు పెడతాంటే మరింక సెప్పలేకపోయినాను.”

“నీకు ప్రాణం మీద తీపి లేదా నాన్నా? అమ్మ ఒట్టు ఏమైపోవాలి?” అని అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది.

అమ్మ అరవలేదు. నాన్న వేళ్ళలోంచి ఆ ముక్క తీసేసింది. వడియాల డబ్బా తీసుకెళ్ళి పెరట్లో చెత్తబుట్టలో బోర్లించింది. తిరిగొచ్చి నాన్న కాళ్ళ దగ్గర కూలబడి, పుస్తెలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో పాదం మీద నొక్కి వదిలింది.

గుంట అలాగే ఉంది.

“రేపటికి పూడతాది గదే?” అంది, నా వైపు చూడకుండా.

అమ్మ ఆ గుంట మీంచి చూపు తిప్పలేదు.