నాలుగు రోజుల దగ్గు

బెకుండా పడకలు లెక్కపెడుతున్నాడు. గొరిల్లాలు రాత్రి పడుకుని వదిలిపోయిన ఆకుల పడకలు. ఒక్కొక్క దాని మీదికీ వంగి, పెంట తాకి వేడి చూస్తున్నాడు. ఇరవై రెండేళ్లుగా బ్విండి అడవిలో అతని పొద్దు ఇలాగే మొదలవుతుంది. సందర్శకులు కొండెక్కేలోగా మంద జాడ పట్టాలి.

దగ్గు వచ్చింది. మోచేతిలో ముఖం దాచుకున్నాడు.

"మళ్లీనా?" అన్నాడు జతగాడు రుహిందా. "నాలుగు రోజుల్నించి చూస్తన్నా. పెద్దాయనకు చెప్పేసి ఇంటికాడ పడుకోరాదూ?"

"పొగ పట్టిందిలేవోయ్. మా ఆడది పచ్చి కట్టెలతో వండుద్ది."

"తొయ్, ఆవిడ మీదికే తొయ్!"

దగ్గున్నవాడు గొరిల్లాల దగ్గరికి పోకూడదు. మనిషి దగ్గు అంటుకుంటే అవి చచ్చిపోతాయి. కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట నేర్పేది బెకుండాయే. కాని దగ్గు మొదలైన రోజే న్యమిషానా ఈనింది. అతని కళ్లముందు పుట్టిన ఆడ గొరిల్లా, తొలి కాన్పు. ఇంట్లో కాలు నిలవలేదు. మొదటిరోజు మూతిగుడ్డ కట్టుకునే వెళ్లాడు. వచ్చింది నేనే, భయం లేదని గొంతులో గుర్రుమన్నాడు. గుడ్డలోంచి వచ్చిన గుర్రు పోల్చుకోలేక అది బిడ్డతో పొదలోకి దూరింది. గుడ్డ కిందికి లాగి మళ్లీ గుర్రుమన్నాడు. అప్పుడు బయటికొచ్చింది. ఆ తర్వాత రోజూ అంతే.

చివరి పడకలో ఆకులకు చీమిడి అంటుకుని ఉంది. బెకుండా వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

మంద కింది వాలులోనే ఉంది. న్యమిషానా దూరంగా కూర్చుని ఉంది. అది కదిలితే బిడ్డ వేళ్లు తల్లి బొచ్చును పట్టుకోలేదు. చెయ్యి ఊరికే ఊగింది. బిడ్డ ముక్కు కింద చీమిడి తెల్లగా ఎండిపోయింది. దాని మీద ఈగ.

ఎప్పుడు పోయిందో తెలియకుండానే బెకుండా అరచెయ్యి మూతి మీదికి పోయింది.

"దొరికాయా? జనాన్ని పంపమంటావా?" వైర్‌లెస్‌లో పెద్దాయన గొంతు.

"నువ్వుండు, నే చెప్తా," రుహిందా గుసగుసలాడాడు. "జబ్బొచ్చి పోయిందంటా. నీ ఊసెందుకు?"

బెకుండా మీట నొక్కాడు. "ఎవర్నీ పంపొద్దయ్యా. పిల్ల చచ్చిపోయింది. నాకు దగ్గు. నాలుగు రోజులైంది."

అవతల్నించి పెద్దాయన మాట వచ్చింది.

"దిగిరా. రేపట్నించి రావద్దు."

"అట్టాగేనయ్యా."

మంద లేచింది. న్యమిషానా అందరికన్నా వెనక, బిడ్డను ఒక చేత్తో పొట్టకు అదుముకుని, మూడు కాళ్ల మీద వెళ్లింది. అది కనుమరుగయ్యేదాకా బెకుండా కదల్లేదు. తర్వాత రుహిందా చేతిలో వైర్‌లెస్ పెట్టి దిగాడు.

న్యమిషానా కూర్చున్న చోట, నలిగిన గడ్డి మీద, తినబోయి తోలు శుభ్రంగా వలిచిన లేత కాడ ఒకటి పడి ఉంది. ఎక్కడా కొరకలేదు.